పొయ్యి పొగ ఎవరికి పట్టింది?

వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. అందులోని 19వ సెక్షన్ పేరు వినకపోయినా దాని దెబ్బ ఎలా ఉంటుందో రైతాంగానికి తెలుసు. పంజాబ్, హర్యానా రైతులు వరి కొయ్యకాళ్లు కాల్చినప్పుడు వాళ్ల మీద ప్రయోగించింది ఈ సెక్షన్‌లోని 5వ సబ్ సెక్షన్‌నే. ఇంధనం కాని పదార్థాన్ని కాల్చి గాలిని పాడు చేస్తుంటే నిషేధించే అధికారం దాని ద్వారా ప్రభుత్వానికి ఉంది. అది చాలదన్నట్టు ఢిల్లీ చుట్టుపక్కల గాలి కోసం మరో చట్టం తెచ్చి, 2024 నవంబర్‌లో జరిమానాలను రెట్టింపు చేశారు. 2 ఎకరాల లోపు రైతుకు రూ. 5,000, 2 నుంచి 5 ఎకరాల వారికి రూ. 10,000, ఆపైన రూ. 30,000.

ఇప్పుడు అదే 19వ సెక్షన్‌లో ఒక్క అంకె వెనక్కి వెళ్లండి. 4వ సబ్ సెక్షన్. వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట, ఆమోదం పొందిన ఉపకరణం తప్ప మరొకటి వాడకూడదని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చని అది చెబుతుంది. ఉపకరణం అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది: మండే వస్తువు దేన్నైనా కాల్చే పరికరం. అంటే ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి మన వంటింటి పొయ్యి దాకా అందులోకి వస్తుంది. ఆమోదించాల్సింది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. చట్టం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. ఏ కట్టెల పొయ్యి మంచిది, దేనికి ఆమోదం ఉంది అని మండల కార్యాలయానికి వెళ్లి అడిగి చూడండి. మీ ముఖం వంక చూస్తారు.

పొలంలో ఏడాదికి కొద్ది రోజులు లేచే పొగ ఉపగ్రహానికి కనబడుతుంది. ఇంట్లో రోజుకు మూడు పూటలు లేచే పొగ ఏ ఉపగ్రహానికీ కనబడదు. చట్టం చూపు ఎటు ఉందో, ఎందుకు ఉందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే వంటింట్లోకి పోలీసును పంపమని మన సంఘం అడగడం లేదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే రేపు పొయ్యి మీద కూడా జరిమానా రాసే మహానుభావులు పుట్టుకొస్తారు. నిబంధన అనేది తయారు చేసేవాడి మీద, అమ్మేవాడి మీద, పథకం పేరుతో పంచేవాడి మీద ఉండాలి. వండుకునే ఆడమనిషి మీద కాదు. ఇంగ్లండ్ ఉదాహరణ చూడండి. 1952 డిసెంబర్‌లో లండన్ నగరాన్ని బొగ్గు పొగ కమ్మేసి వేలమంది చనిపోయాక, 1956లో అక్కడ స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. పొగ నియంత్రణ ప్రాంతాలు ప్రకటించారు. ఆ ప్రాంతాల్లో కట్టె కాల్చాలంటే పరీక్షలో నెగ్గి జాబితాకెక్కిన పొయ్యి ఉండాలి. 2021 నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెలో తేమ 20 శాతానికి మించకూడదన్న నిబంధన కూడా పెట్టారు. అది అమ్మేవాడి బాధ్యత. అక్కడా ఇంటి యజమానికి జరిమానా ఉంది, ఆ ముక్క మనకు వద్దు. కానీ పొయ్యిని పరీక్షించి జాబితా పెట్టడం, కట్టె అమ్మేవాణ్ణి జవాబుదారీ చేయడం మాత్రం నేర్చుకోదగ్గ పని.

పొగ అంటే కళ్ల మంట ఒక్కటే అనుకుంటాం. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 16 లక్షల 70 వేల మరణాలు సంభవించాయని, అందులో ఇంటి పొగ వాటా సుమారు 6 లక్షల 10 వేలని 2020లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. వాళ్లలో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పొలం పని ముగించుకొని వచ్చి పొయ్యి ముందు కూర్చునే మన ఇంటి ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో ఉండే పసివాళ్లు. పొగలో కంటికి కనబడని సన్నటి నుసి ఉంటుంది, పీఎం 2.5 అంటారు. రోజు మొత్తం సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 అంటుంది. కట్టెల పొయ్యి మండుతున్న ఇరుకు వంటింట్లో వంట సేపు అది వందల్లో, తడి కట్టె పెడితే వేలల్లో ఉంటుంది.

"మనకు గ్యాస్ వచ్చింది కదా, ఇంకా ఈ గోల ఎందుకు?" అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. గ్యాస్ విషయంలో తెలుగు రాష్ట్రాలు చాలా రాష్ట్రాల కంటే ముందున్నాయి. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది, ఉజ్వల రావడానికి 17 ఏళ్ల ముందు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుభ్రమైన ఇంధనంతో వండుకునే ఇళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం పైన, తెలంగాణలో 90 శాతం పైన ఉన్నాయి.

కానీ ఆ సర్వే అడిగేది ప్రధానంగా దేనితో వండుతారని. కూర గ్యాస్ మీద అయితే గ్యాస్ అని రాసుకుంటారు. స్నానాల నీళ్లు దేని మీద కాగుతున్నాయి? గొడ్లకు ఉలవలు దేని మీద ఉడుకుతున్నాయి? పెళ్లికి, పండక్కి, కూలీలకు అన్నం వండే పెద్ద గుండిగ దేని మీద ఎక్కుతుంది? మన ఊళ్లలో గ్యాస్ స్టౌ వంటింట్లో ఉంటుంది, నీళ్ల పొయ్యి పెరట్లో ఉంటుంది. ఆ పెరటి పొయ్యిలోకే మొక్కజొన్న బెండ్లు, పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు, చిరిగిన ప్లాస్టిక్ సంచి కూడా పోతాయి. ప్లాస్టిక్ సంచి మాత్రం దయచేసి వద్దు. దాని పొగ విషం, అందులో మంచి పొయ్యి, చెడ్డ పొయ్యి అన్న తేడా లేదు.

ఇక సిలిండర్ ధర. ఉజ్వల లబ్ధిదారులు ఏడాదికి తెప్పించుకునే సిలిండర్ల సగటు 2019-20లో మూడు, 2023-24 నాటికి నాలుగుకు చేరువైంది. నలుగురైదుగురున్న ఇంట్లో వంటంతా గ్యాస్ మీదే చేస్తే ఏడాదికి ఏడెనిమిదైనా కావాలి. మిగతా వంట ఎక్కడ జరుగుతోందో ఆ లెక్కే చెబుతుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి కింద రూ. 500కు సిలిండర్, ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది నవంబర్ నుంచి దీపం-2 కింద ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు వచ్చాయి. మంచిదే, కాదనం. కానీ ముందు పూర్తి ధర కట్టి, తర్వాత ఖాతాలో పడేదాకా ఎదురుచూసే పద్ధతి కూలి ఇంటికి పనికిరాదు. పంట చేతికి రాని నెలల్లో కౌలు రైతు దగ్గర ఒకేసారి అంత డబ్బు ఉండదు. చేను గట్టు మీద కట్టె మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఆ కట్టె ఉచితం అనుకోవడం మనకు అలవాటు. లెక్క వేసి చూద్దాం. 14.2 కిలోల సిలిండర్ వేడిలో గిన్నెకు చేరేది 60 శాతం పైమాటే. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి గిన్నెకు చేరేది 10 నుంచి 15 శాతం, మిగతాది గోడలకు, గాలికి, మన ముఖానికి. ఆ లెక్కన ఒక్క సిలిండర్ చేసే పనికి మామూలు పొయ్యిలో రెండు క్వింటాళ్లకు పైగా ఎండు కట్టె కావాలి. 25 శాతం సామర్థ్యమున్న మెరుగైన పొయ్యిలో క్వింటా పైచిలుకు సరిపోతుంది. రెండు క్వింటాళ్ల కట్టె కొట్టి, మోసి, ఎండబెట్టి, వానకు లోపల పెట్టే పనికి కూలి లెక్క కడితే ఎంతవుతుందో ఇంట్లో ఆడవాళ్లను అడగండి. పంట ఖర్చులో మన సొంత కూలిని లెక్కించాలని ప్రభుత్వంతో పోట్లాడే మనం, ఇంట్లో వాళ్ల కూలిని మాత్రం సున్నా కింద రాస్తున్నాం.

పొగలేని పొయ్యి ఆలోచన మనకు కొత్తది కాదు. 1950ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకునే, పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించారు. 1983లో కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002లో మూసేసేలోపు దేశమంతా దాదాపు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టించింది. మీ ఊళ్లో ఎన్ని మిగిలాయి? చాలా చోట్ల పొయ్యి పోయింది, పైకప్పు మీద గొట్టం ముక్క మిగిలింది.

ఎందుకు పోయాయో తెలుసుకోకుండా కొత్తవి తెచ్చుకోకూడదు. ఒడిశాలో ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు మెరుగైన మట్టి పొయ్యిలు పొందిన ఇళ్లను నాలుగేళ్లు పరిశీలించారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా లేకుండా పోయింది. గొట్టంలో మసి దులిపినవాళ్లు లేరు, పగిలిన చోట మట్టి మెత్తినవాళ్లు లేరు, పొయ్యి వాడకమే తగ్గింది. కట్టె ఖర్చు కూడా తగ్గలేదు. దీన్ని చదివి "పల్లె జనానికి చెప్పినా అర్థం కాదు" అనేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో తప్పు జనానిది కాదు. ట్రాక్టర్ అమ్మిన కంపెనీ సర్వీసు ఇవ్వకపోతే రైతును నిందిస్తామా? పొయ్యి పెట్టిన మేస్త్రి రెండో ఏడాది కనబడకపోతే అది పథకం లోపం.

మరి గ్యాస్‌తో పాటు కట్టెల పొయ్యి కూడా తప్పని ఇల్లు ఏది ఎంచుకోవాలి?

మొదట ముద్ర చూడాలి. కట్టె, పిడకలతో మండే పొయ్యిలకు భారత ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 13152, మొదటి భాగం, 2013. మామూలు గాలితో మండే పొయ్యి అయితే కనీసం 25 శాతం వేడి గిన్నెకు చేరాలి. చిన్న ఫ్యాను ఉన్న పొయ్యి అయితే 35 శాతం. గిన్నెకు చేరిన ప్రతి మెగాజౌల్ వేడికి నుసి మొదటి రకంలో 350 మిల్లీగ్రాములు, రెండో రకంలో 150 మిల్లీగ్రాములు మించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ రెండింటిలోనూ 5 గ్రాములు. ఈ అంకెలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. "ఐఎస్ 13152 పరీక్ష కాగితం చూపించు" అన్న ఒక్క మాట చాలు. సంతలో "పొగ రాని పొయ్యి" అని అరిచే సగం మంది ఆ మాటకే సర్దుకొని వెళ్లిపోతారు. ముద్ర ఉన్నా అది గ్యాస్‌తో సమానం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రయోగశాలలో ఎండు కట్టె సన్నగా చీల్చి పెడతారు, మన పెరట్లో తడి తుమ్మ మొద్దు దూరుస్తాం.

తర్వాత, మన వంటకు సరిపోతుందా లేదా. ఇది ఇంజనీరు చెప్పలేడు, వండే మనిషే చెప్పాలి. రాగి సంగటి కెలికేటప్పుడు తెడ్డు మీద బరువంతా వేస్తాం. తేలికపాటి ఇనుప పొయ్యి ఆ ఊపుకు పక్కకు ఒరిగితే మరుగుతున్న గిన్నె కాళ్ల మీద పడుతుంది. జొన్నరొట్టెకు పెనం అంచుల దాకా మంట పరుచుకోవాలి, నడిమధ్య ఒక్కచోట ఎగసే మంటకు రొట్టె నడుమ మాడి అంచు పచ్చిగా ఉంటుంది. స్నానాల నీళ్ల బిందె బరువు మోయాలి. కట్టె దూర్చే నోరు మరీ చిన్నదైతే పత్తి కట్టె విరుచుకుంటూ కూర్చోవాలి, నాట్ల రోజుల్లో ఎవరికి తీరిక? కాబట్టి పంచే ముందు ఊళ్లో నాలుగు ఇళ్లలో నెల రోజులు వాడి చూడాలి. డెమో పేరుతో సర్పంచ్ ఇంటి ముందు టీ కాచి చూపించి వెళ్లిపోవడం కాదు.

నీళ్ల పొయ్యి లాంటి స్థిరమైన పొయ్యికి పొగగొట్టం పెట్టించుకుంటే కప్పు దాటి పైకి పోవాలి. చూరు కింద ఆపేస్తే పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది. నెలకోసారి మసి దులపాలి, దులపడానికి వీలుగా కింద మూత ఉండాలి. ఫ్యాను పొయ్యి కొంటే బ్యాటరీ, ఫ్యాను విడిగా ఎక్కడ దొరుకుతాయో, ఎంతో ముందే అడగండి. ఫ్యాను ఆగిన ఆ పొయ్యి మామూలు పొయ్యి కంటే ఎక్కువ పొగ పెడుతుంది.

పొయ్యి ఎంతో కట్టె అంతే. పచ్చి కట్టెలో సగం బరువు దాకా నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు ఆవిరి కావడానికే మంట ఖర్చయి, మిగిలింది పొగగా లేస్తుంది. రెండు వేసవి నెలలు ఎండి, రేకు కింద నిల్వ ఉన్న కట్టెకు అదే పొయ్యిలో పొగ బాగా తగ్గుతుంది. పైసా ఖర్చులేని మార్పు ఇదొక్కటే. పత్తి కట్టె విషయంలో ఇంకో మెలిక ఉంది. ఏరివేతలు అయ్యాక పీకిన కట్టెను చేను పక్కనో, ఇంటి పక్కనో కుప్ప పోసి ఏడాదంతా పొయ్యికి వాడుకోవడం చాలా ఊళ్లలో అలవాటు. విచ్చుకోని కాయలు దానికే అంటుకొని ఉంటాయి, గులాబీ రంగు పురుగు వాటిలో దాక్కొని వచ్చే పంట మీదికి వస్తుంది. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ కుప్పలు పెట్టొద్దంటారు. వంటచెరకు లేని ఇంటికి ఆ సలహా ఎలా పాటించాలో మాత్రం చెప్పరు. కాయలు దులిపి కాల్చి, కట్టెను తొలకరిలోపే వాడేయడం, లేదా ఊరి దగ్గరే ముక్కలు కొట్టే యంత్రం పెట్టి గుళికలు చేయించడం దారి.

గుళికలన్నాక ఊర్జా కథ చెప్పాలి. ఇరవై ఏళ్ల కింద ఒక పెద్ద చమురు కంపెనీ చెరకు పిప్పి, పంట వ్యర్థాల గుళికలతో మండే ఫ్యాను పొయ్యిని ఆ పేరుతో తెచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో లక్షల్లో అమ్ముడైంది. పొయ్యి మంచిదే. ఫ్యాక్టరీలు అవే వ్యర్థాలు కొనడం మొదలుపెట్టాక గుళికల ధర పెరిగింది, కొనలేక ఇళ్లవాళ్లు పొయ్యి అటకెక్కించారు. ఇప్పుడు థర్మల్ కేంద్రాల్లో కూడా బొగ్గుతో కలిపి గుళికలు కాల్చాలని కేంద్రం ఆదేశించింది. మన చేలో కట్టెకు గిరాకీ వస్తే సంతోషమే, కానీ ఆ ధర రైతుకు రావాలి, మన వంటింటి వాటా ముందు పక్కన పెట్టాలి. ఒకే కంపెనీ గుళికలు తప్ప మరేదీ మండని పొయ్యి కొనవద్దు.

గొడ్లున్న ఇంటికి గోబర్ గ్యాస్‌ను మించింది లేదని నా అభిప్రాయం. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. నాలుగైదు పశువులుంటే నలుగురైదుగురి వంట వెళ్లిపోతుంది, బయటికొచ్చే ముద్ద ఎరువు. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాక చాలా ప్లాంట్లు ఎండిపోయిన మాట నిజం. పాడి ఉన్న ఊళ్లలో మాత్రం మళ్లీ అడగవచ్చు. కరెంటు పొయ్యి సంగతికొస్తే, ఒక సిలిండర్ పనికి సుమారు 130 యూనిట్లు కాలతాయి. తెలంగాణలో గృహజ్యోతి 200 యూనిట్ల దాకానే. ఆ గీత దాటిన నెల బిల్లు మొత్తం మీద పడుతుంది, చూసుకొని వాడాలి.

చివరిగా కాగితం సంగతి. పొయ్యి ఉచితంగా ఇచ్చి, ఒక కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకునే కంపెనీలు దేశమంతా తిరుగుతున్నాయి. ఆ కాగితంతో మీ పొయ్యి ఆదా చేసే కార్బన్ మీద హక్కు వాళ్లకు పోతుంది. ఒక టన్నుకు ఒక క్రెడిట్, విదేశీ కంపెనీలకు అమ్ముకుంటారు. 2024లో బర్క్లీ పరిశోధకులు పొయ్యిల క్రెడిట్ల నమూనా పరిశీలించి, నిజమైన ఆదా కంటే సుమారు 9 రెట్లు ఎక్కువ చూపించారని తేల్చారు. పక్కనే కొప్పళ జిల్లాలో కార్బన్ ఆమోదం పొందిన పొయ్యిలు పెట్టిన ఇళ్లలో గాలి పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు, చాలా ఇళ్లలో పాత పొయ్యి కూడా మండుతూనే ఉంది. అంటే మన పేరు మీద అక్కడెక్కడో పొగ వదలడానికి అనుమతి అమ్ముడవుతోంది, మన వంటింట్లో పొగ అలాగే ఉంది.

కాబట్టి గ్రామ కమిటీలకు ఒక మాట. అలాంటి కాగితం వస్తే తెలుగులో చదివి వినిపించేదాకా ఎవరూ వేలు ముద్ర వేయవద్దు. ఎన్నేళ్లకు హక్కు రాయిస్తున్నారు, అమ్మిన డబ్బులో ఇంటికెంత, ఐదేళ్లు మరమ్మతు ఎవరు చేస్తారు అని రాతపూర్వకంగా అడగండి. వచ్చే మండల మహాసభల్లో మూడు తీర్మానాలు పెట్టాలని కోరుతున్నాను. సబ్సిడీ పోను మిగిలిన ధర మాత్రమే సిలిండర్ వచ్చిన రోజు కట్టే పద్ధతి, కౌలు రైతులతో సహా ఏడాదికి కనీసం 8 సిలిండర్ల దాకా వర్తించాలి. పంచే ప్రతి కట్టెల పొయ్యికి ఐఎస్ 13152 పరీక్ష కాగితం తప్పనిసరి చేసి, కాలుష్య నియంత్రణ మండలి ఆమోదించిన జాబితాను గ్రామ పంచాయతీలో అంటించాలి. ఊరికొక మేస్త్రికి శిక్షణ, జీతం ఇచ్చి పొయ్యిల మరమ్మతు అప్పగించాలి. తీర్మానం ప్రతిపాదించే పని ఈసారి మహిళా సభ్యులకు వదిలేద్దాం.